మసి కాలేదాకా ఆపకూడదు

అక్క ఫోను పెట్టేసినా పానమ్మ తన ఫోనును చెవి దగ్గర నుంచి తియ్యలేదు. కిందటి వారం భాగంలో ఆమెను అలా నిలబెట్టి వచ్చాం. బావ కారు నడిరోడ్డు మీద మళ్ళీ మొండికేసింది, అదీ లోపల అక్క కూతురు, పాప ఉండగా. వెనక బళ్ళవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తుంటే నత్తలా పాక్కుంటూ బడి గేటు చేరింది. అక్క కోపమంతా చెల్లెలి మీదికి తిరిగింది. "నీ చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఇంకొకరికి చూపించుకుంటాం," అని ఒక్క మాట అని పెట్టేసింది. ఆ సాయంత్రమే పానమ్మ కారును తాడు కట్టి లాగించి తన షెడ్డులో పెట్టించుకుంది.

పానమ్మ అసలు పేరుతో వీధిలో ఎవరికీ అవసరం పడలేదు. పానా పట్టి బళ్ళు బాగుచేసే మనిషి కాబట్టి పానమ్మ. బస్సు డిపో వెనక సందులో ఆమెకో రేకుల షెడ్డు ఉంది. అక్క ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీల వంక చూస్తుంది, ఆ తరవాతే మనుషుల్ని పలకరిస్తుంది. బావ హైవే మీద చాలా దూరం వెళ్తే వచ్చే ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద తిరిగేవాళ్ళ తలల మీదుగా ఇనుప దూలాల్ని ఈ మూల నుంచి ఆ మూలకు చేర్చే పని. సరదా మనిషి. బళ్ళకు జబ్బులు కనిపెడుతుందని మరదల్ని "డాక్టరమ్మా" అని పిలుస్తాడు.

ఆ డాక్టరమ్మకు ఈ ఒక్క జబ్బూ అంతుబట్టడం లేదు. కారు డీజిలుది. డీజిలు పొగలో మసి ఉంటుంది. పొగ గొట్టం దారిలో ఉన్న ఫిల్టరు ఆ మసిని బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. బండి హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెడితే ఫిల్టరు బాగా కాగి, పట్టిన మసిని తానే కాల్చేసుకుంటుంది. కాల్చుకునే అవకాశం దొరక్కపోతే మసి పేరుకుపోతుంది. ఊపిరాడని ఇంజను తన బలం తానే తగ్గించేసుకుని, డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగించి కూర్చుంటుంది. మొదటిసారి దీపం వెలిగినప్పుడు పానమ్మ ఫిల్టరు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సారు మార్చింది. రెండోసారి వేడి కొలిచే సెన్సారు మార్చింది. రెండుసార్లూ షెడ్డులోనే మసి కాల్పించి పంపింది. రెండుసార్లూ కొన్నాళ్ళకు దీపం మళ్ళీ వెలిగింది. ఈలోగా సందు చివర సైలెన్సర్లు అతికేవాడు అక్క చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఫిల్టరు డబ్బా కోసి, లోపలిది పగలగొట్టి పారేసి, ఖాళీ డబ్బా బిగిస్తే పీడ విరగడైపోతుందట. పొగ ఊరందరి ముక్కుల్లోకి పోతుంది గదా అంటే, ఊరందరి ముక్కులూ మనవేనా అన్నాడట.

మర్నాడు పొద్దున పానమ్మ షెడ్డు తలుపు ఎత్తి, లైటు వేసి, కారు బానెట్టు తెరిచి కాసేపు ఊరికే చూస్తూ నిలబడింది. ఈసారి దేన్నీ మార్చకూడదని ముందే అనుకుంది. ముందు ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చుకోవాలి.

రాత్రంతా కదలని బండి చల్లగా ఉంది. చల్లటి బండిని అడిగితేనే సెన్సార్ల నిజాయితీ తెలుస్తుంది. ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, సెన్సార్లు చెప్పేది చదివే తన యంత్రం తగిలించి చూసింది. పొగ గొట్టం పొడుగునా ఉన్న వేడి సెన్సార్లన్నీ ఒకే మాట చెప్పాయి. షెడ్డులో గాలి ఎంత వెచ్చగా ఉందో తామూ అంతే ఉన్నామన్నాయి. ఒత్తిడి సెన్సారు సున్నా అంది. ఇంజను తిరగనప్పుడు ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది, సున్నాయే ఉండాలి. ఆ సెన్సారుకు వెళ్ళే రెండు సన్నటి రబ్బరు గొట్టాలు ఊడదీసి, చీలికలేమైనా ఉన్నాయేమోనని వేళ్ళతో మెలిపెట్టి చూసింది. నోట్లో పెట్టుకుని ఊదింది. గాలి సాఫీగా పోయింది. మళ్ళీ బిగించి ఇంజను స్టార్టు చేసి, వేడెక్కాక ఎక్సలేటరు తొక్కి చూస్తే ఒత్తిడి జరజరా పాకింది. ఫిల్టరు నిండుగా మసి ఉందన్న మాట నిజమే. సెన్సార్లు అబద్ధం చెప్పడం లేదు. పోయిన రెండుసార్లూ కూడా చెప్పలేదేమోనన్న అనుమానం అప్పుడు తగిలింది ఆమెకు. మంచివాటిని పీకి పారేసి కొత్తవి పెట్టినట్టుంది. చెవులు వేడెక్కాయి. షెడ్డులో ఎవరూ లేకపోవడం మంచిదైంది.

తరవాత ఇంజనాయిలు చూసింది. నూనె కొలిచే కమ్మీ పైకి తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. నూనె పై గీత దాటి ఉంది. ఏ బండిలోనైనా నూనె తగ్గుతుంది గానీ పెరగదు. వేలికి అంటించుకుని వాసన చూసింది. డీజిలు వాసన.

పానమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. మసి కాల్చాలనుకున్నప్పుడు ఇంజను మామూలు కంటే ఎక్కువ డీజిలు పోసుకుంటుంది. మధ్యలో ఎవరైనా తాళం తిప్పి ఆపేస్తే కాలని డీజిలు కాస్త కాస్తగా నూనెలోకి జారిపోతుంది. ఒకసారి ఆపేస్తే ఇంత జారదు. మళ్ళీ మళ్ళీ ఆపేస్తేనే జారుతుంది. రోజూ హైవే మీద కర్మాగారానికి పోయి వచ్చే బండికి ఈ రోగం రాకూడదు. అంత దూరం పోయేసరికి మసి దానంతట అదే కాలిపోవాలి.

లేచి వెళ్ళి, బండి ఇంతదాకా తిరిగిన లెక్క చూసింది. పోయినసారి నూనె మార్చినప్పుడు అప్పటి లెక్క తానే ఒక చీటీ మీద రాసి బానెట్టు కింద అంటించింది. రెంటికీ తేడా చూసి, తప్పు చూశానేమోనని కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇన్ని నెలల్లో ఆ బండి తిరిగిన దూరం, బావ ఒక్క వారం ఉద్యోగానికి వెళ్ళి రావడానిక్కూడా చాలదు. ఇంజను తిరిగిన గంటలు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. అంటే కారు ఎక్కడికీ పోవడం లేదు. ఎక్కడో ఒకచోట ఆగి, ఇంజను మాత్రం తిరుగుతూ కూర్చుంటోంది, రోజూ, పూటలకు పూటలు.

ఎక్కడ? ఎవరి గుమ్మం ముందు? ఆ ఆలోచన వచ్చినందుకు పానమ్మ తనను తాను తిట్టుకుంది. వచ్చిన ఆలోచన మాత్రం తిట్టుకి లొంగి పోలేదు. బావ ఈమధ్య పొద్దు ఉండగానే ఇల్లు చేరుతున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఇంటి మీద ధ్యాస కలిగిందని అక్క మురిసిపోతూ చెప్పింది కూడా. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొస్తే పానమ్మకు ఎలాగో అయింది.

మధ్యాహ్నానికి అక్కా బావా కలిసే వచ్చారు. బండి లేదని బావ ఆ రోజుకు సెలవు పెట్టాడట. అక్క మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. స్టూలు మీద కూర్చుని, ఇవాళ సంగతి ఏదో తేలేదాకా కదలనని చెప్పింది. బావ ఎప్పటిలాగే గుమ్మంలోనే జోకు వేశాడు. డాక్టరమ్మ రోగిని ఐసీయూలో పెట్టిందా, మామూలు వార్డులోనే ఉంచిందా అన్నాడు. పానమ్మ నవ్వలేదు. అక్క ఎదుట ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆమెకు తోచలేదు. అందుకని పని గురించే మాట్లాడింది. సెన్సార్లు బాగానే ఉన్నాయని, మసి నిండిపోయిందని, నూనె మార్చేసి హైవే మీద ఒకే వేగంతో ఆపకుండా నడిపి కాల్చాలని చెప్పింది. షెడ్డులో నిలబెట్టి కూడా కాల్పించొచ్చు, పోయిన రెండుసార్లూ అదే చేసింది. ఈసారి రోడ్డు మీద చూడాలంది. తాను పక్కన కూర్చుని యంత్రంలో అంకెలు చూస్తుందట, బండి బావ నడపాలట.

"నువ్వే నడుపు. నేను అంకెలు చదువుతా," అన్నాడు బావ.

మీకు ఆ అంకెలు అర్థం కావంది పానమ్మ. అయితే ఇంకెవరినైనా పిలుద్దామన్నాడు. నడుం పట్టేసిందన్నాడు. ఎండగా ఉందన్నాడు. ఒక్కో సాకూ చెబుతుంటే పానమ్మ అనుమానం ఒక్కో మెట్టు ఎక్కింది. ఒంటరిగా తనతో కారులో కూర్చుంటే ఏం అడుగుతుందోనని జంకుతున్నాడనుకుంది.

"రోజూ వెళ్ళే దారేగా," అంది అక్క. "ఇవాళ కొత్తగా నడుం పట్టిందా?"

 బావ పానమ్మ నూనె మార్చడం ముగించేదాకా నిలబడి, స్టీరింగు ముందు కూర్చుని, సీటు ముందుకు జరుపుకున్నాడు.

ఊళ్ళో ఉన్నంతసేపూ నెమ్మదిగానే పోనిచ్చాడు. మునుపు ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ కబుర్లు చెప్పే మనిషి, ఇవాళ రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీదికి వంగి కూర్చున్నాడు. పానమ్మ దృష్టి ఒళ్ళోని తెర మీద ఉంది. హైవే ఎక్కి వేగం అందుకున్నాక వేడి మెల్లగా పెరగసాగింది. ఇంకొంత దూరం పోయాక ఇంజను చప్పుడు కాస్త బరువెక్కింది. ఫిల్టరు ముందున్న సెన్సారు చూపించే వేడి ఒక్క ఊపున ఎగబాకింది. మసి అంటుకుంది. ఇక ఇది పూర్తయ్యేదాకా ఆపకూడదని, వేగం తగ్గించకూడదని చెప్పింది. బావ తల ఊపాడు. ఇప్పుడైతే ఆయన దిగి వెళ్ళిపోలేడు, మాట తప్పించుకోవడానికి ఫోను మోగిందని లేవలేడు. పానమ్మ తెర మీదనుంచి కళ్ళు తియ్యకుండానే అడిగింది.

"బావా, ఈ కారు రోజూ ఎక్కడ ఆగి ఉంటోంది?"

ఫ్యాక్టరీలో అన్నాడు బావ. బండి అంత దూరం తిరగలేదని ఆమె చెప్పింది. నూనె సంగతి చెప్పింది, ఇంజను గంటల సంగతి చెప్పింది. గొంతు పెంచకుండా, ఎవరో గిరాకీకి లోపం వివరించినట్టే చెప్పింది. బావ నీళ్ళు నమిలాడు. మీటరు పాడైందేమోనన్నాడు. మీటరు బాగానే ఉందని, అక్కకు ఇంకా ఏమీ చెప్పలేదని, తనకైనా నిజం చెబితే మంచిదని అంది పానమ్మ.

ముందు ఒక ట్యాంకరు కుడి వరస పట్టుకుని మెల్లగా పోతోంది. దాన్ని దాటడానికి బావ ఎడమ వరసలోకి తిప్పసాగాడు. పానమ్మ తల ఎత్తింది. తాను కూర్చున్న వైపునే, తన కిటికీకి కాస్త ముందుగా, ఒక మోటారుసైకిలు పోతోంది. నడిపే అతను వెనకాల పరుపు చుట్ట చుట్టి తాళ్ళతో కట్టుకున్నాడు. పరుపు మీద పెద్ద పెద్ద పసుపుపచ్చ పువ్వులు. బావ ఆ పువ్వుల మీదికే తిప్పుతున్నాడు.

"బావా, పక్కన బండి," అంది. బావ తిప్పుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి చాచి స్టీరింగు పట్టుకుని లాగింది. కారు ఒక్కసారి ఊగి తిరిగి ట్యాంకరు వెనక్కి వచ్చింది. మోటారుసైకిలు అతను తడబడి, నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి ఏదో తిట్టి ముందుకు వెళ్ళిపోయాడు.

"ఏమైంది? ఎందుకు లాగావు?" అన్నాడు బావ.

"పరుపు కట్టుకుని వెళ్ళాడే, అతన్ని చూడలేదా?"

"ఏ పరుపు?" అన్నాడు బావ.

 బావ అబద్ధమాడడం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన అన్న మాటల్లో నిజమని నమ్మదగ్గది ఇదొక్కటే. అంత పెద్ద పరుపు, అన్ని పువ్వులు, చేతికందే దూరంలో పోతుంటే ఆయనకు కనిపించలేదు.

పక్కకు తీసి ఆపమంది. మసి కాలుతోంది, ఆపకూడదన్నావు గదా అన్నాడు. ఆపమని మళ్ళీ అంది. అయినా చేతి పని మనసును వదల్లేదు. అంచున ఎండుగడ్డి ఉన్నచోట వద్దంది. బండి అడుగున డబ్బా నిప్పులా కాలుతోంది, గడ్డి తగిలితే అంటుకుంటుంది. కంకర పోసిన చోటు చూపించింది. తాళం తియ్యొద్దని, ఇంజను తిరుగుతుండగానే దిగమని చెప్పింది. ఇద్దరూ దిగి, కారు వెనకాల ఒకరినొకరు దాటుకుని, సీట్లు మారారు. అడుగునుంచి కాలిన వాసన వేడిగా పైకొచ్చింది. పానమ్మ తిరిగి హైవే ఎక్కించి వేగం అందుకుంది.

అడక్కుండానే బావ చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుందట. పేపరు చదవగలడు, దూరంగా ఉన్న బోర్డు చదవగలడు. పక్కలే మూసుకుపోతున్నాయి. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, ఆ గొట్టం నెలనెలకూ సన్నబడుతోందట. పొద్దువాలితే అదీ ఉండదు. ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాళ్ళకు కళ్ళ పరీక్ష చేశారు. అదే రోజు ఆయన్ని కిందికి దింపేశారు. ఏం చెయ్యాలో తేల్చేదాకా జీతంతో సెలవులో ఉండమన్నారు. ఆయన ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే తయారై, పాపను బడి దగ్గర దింపి, మూతపడ్డ గోడౌన్ల వెనకాల కారు పెట్టుకుని, ఎండకు ఏసీ వేసుకుని సాయంత్రం బడి వదిలే వేళ దాకా కూర్చుని, పాపను తీసుకుని ఇల్లు చేరుతున్నాడు. ఎవరైనా ఇటువైపు వస్తున్నట్టు అనిపిస్తే ఇంజను ఆపేసి సీటు వాల్చుకుంటాడు.

"పాపను మీరే దింపుతున్నారా? ఈ కళ్ళతో?"

"తెలిసిన వీధులే. నెమ్మదిగా వెళ్తాను."

"డాక్టరు నడపొద్దన్నాడా, లేదా?"

"అన్నాడు," అన్నాడు బావ.

పానమ్మకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని ఎక్సలేటరు మీద చూపించకుండా పాదాన్ని ఒకే తీరున పట్టి ఉంచడానికి చాలా కష్టపడింది. ఆ పరుపు అతను పడిపోయి ఉంటే ఏమయ్యేదని అడగాలనుకుంది. ఆయన మొహం చూసి అడగలేదు. కాసేపటికి బావే ఒక దారి చెప్పాడు. చాలాకాలంగా లోపల లెక్క వేసుకున్నవాడిలా చెప్పాడు.

"నువ్వు ఒక్క మాట అంటే చాలు. ఫిల్టరు పోయింది, ఇక ఈ బండి బాగుపడదు అని మీ అక్కతో చెప్పు. కారు అమ్మేస్తాం. అప్పుడు నన్ను నడపమని ఎవరూ అడగరు."

"అందుకేనా మసి కాలుతుంటే మధ్యలో ఆపేసింది?"

"అది కాలుతోందని నాకేం తెలుసు? దీపం వెలిగినప్పుడు మాత్రం ప్రాణం లేచి వచ్చేది. ఇక దీని పని అయిపోయిందిలే అనుకునేవాణ్ణి. నువ్వేమో ప్రతిసారీ బాగుచేసేశావు."

 ఇంజను చప్పుడు తేలికపడింది. ఆయన ఒళ్ళోని తెర మీద ఒత్తిడి కిందికి, ఇంకా కిందికి దిగి, కొత్త ఫిల్టరుకు ఉండాల్సినంత దగ్గరికి వచ్చి నిలిచింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఆరిపోయింది. ఇద్దరూ చూశారు.  వచ్చే మలుపు దగ్గర ఆమె కారును ఊరివైపు తిప్పింది.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. వెళ్ళేటప్పుడు నడిపినవాడు వచ్చేటప్పుడు పక్క సీట్లోంచి దిగడం ఆమె గమనించినట్టు లేదు. ఆమె కళ్ళు డాష్‌బోర్డు మీద ఉన్నాయి. ఏం తేలిందని అడిగింది.

బావ మరదలి వైపు చూశాడు. ఒక్క అబద్ధం. పానమ్మ నోట వస్తే అక్క మారు మాట్లాడకుండా నమ్ముతుంది. బండి సంగతిలో చెల్లెలు అబద్ధమాడుతుందని ఆమెకు కలలో కూడా తోచదు. కారు పోతుంది, బావ నడపడం ఆగుతుంది, పాప క్షేమంగా ఉంటుంది. ఆలోచిస్తే అందులో చెడ్డేమీ లేదు. మిగిలిందంతా మళ్ళీ గోడౌన్ల వెనకాలే ఉండిపోతుంది.

"బండికేం లేదు," అంది పానమ్మ. "శుభ్రంగా ఉంది."

అక్క మొహం విప్పారింది. ఫోనులో అన్న మాట పట్టించుకోవద్దని చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. బడి వదిలే వేళైందని, తాళాలు ఆయనకిస్తే పాపను తెచ్చేస్తారని అంది. పానమ్మ తాళాల చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"బావా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

బావ అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చుని చెప్పాడు. కారులో చెప్పినదంతా ఇంకోసారి, ఈసారి ఇంకా తక్కువ మాటల్లో చెప్పాడు. అక్క మధ్యలో అడ్డు రాలేదు. మెడలోని టేపు తీసి వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది. పొద్దు ఉండగానే ఇల్లు చేరడం గురించి విన్నప్పుడు మాత్రం ఒక్కసారి కళ్ళు మూసుకుంది. అంతా అయ్యాక ఆమె ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. ఉద్యోగం పోతే పోయిందని, క్రేను దిగినవాళ్ళంతా చచ్చిపోయారా అని, స్టోర్సులోనో ఇంకెక్కడో కూర్చోబెడతారని అంది. ఆసుపత్రికి రేపే వెళ్దామంది. ఇందులో ఇంత దాచాల్సింది ఏముందని అడిగింది. 

 పానమ్మకు అప్పుడు అనిపించింది, మసి ఇంకా పూర్తిగా కాలలేదని. ఉద్యోగం, కళ్ళు, గోడౌన్లు, అన్నీ చెప్పేసినా ఆయన మొహంలో బరువు దిగలేదు. ఆయన అక్క వైపు చూడకుండా నేల మీది నూనె మరక వైపు చూస్తున్నాడు.

"ఇంకా ఏముంది?" అంది అక్క.

"డాక్టరు ఇంకో మాట అన్నాడు," అన్నాడు బావ. "ఇది వంశంలో దిగే జబ్బట. పిల్లలుంటే వాళ్ళ కళ్ళు కూడా చూడాలి, తీసుకురమ్మన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"అప్పుడే. మొదట్లోనే."

సందులోంచి డిపో బస్సు ఒకటి వెనక్కి వస్తూ చాలాసేపు కూత పెట్టింది.  నా గురించి చెబితే పాప గురించి కూడా చెప్పాలి గదా అన్నాడు బావ, ఎవరినీ ఉద్దేశించకుండా. చెబితే పరీక్ష చేయించాలి. చేయిస్తే తెలిసిపోతుంది. తెలియనంతకాలం పాపకు ఏమీ లేనట్టే గదా అన్నాడు.

 అక్క టేపు మడిచి జేబులో పెట్టుకుంది. చెల్లెలి దగ్గరికి వచ్చి, పిడికిలి విప్పి తాళాలు తీసుకుంది. తనకు బండి నడపడం రాదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ చెల్లెలి చేతిలోనే పెట్టింది.

"నువ్వు నడుపు, పద," అంది. "ఆయన్ని ఇక్కడే ఉండనీ."

బడికి వెళ్ళే దారంతా అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.  కారు మాత్రం ఎన్నాళ్ళుగానో లేనంత హాయిగా, తొక్కినంత మేరా సాగుతోంది. గేటు ముందు అప్పటికే తల్లులూ తండ్రులూ గుమిగూడి ఉన్నారు. అక్క దిగి వాళ్ళ మధ్యకు వెళ్ళలేదు. పాప ఎప్పుడూ తండ్రి కారు ఆగే చోటు వైపే చూస్తూ వస్తుంది. అక్క అక్కడా నిలబడలేదు. గేటుకు బాగా పక్కగా, గోడ మొదట్లో, ఎవరూ అడ్డు లేని చోట నిలబడింది. ఎందుకు అక్కడికి వెళ్ళిందో పానమ్మకు ముందు అర్థం కాలేదు. పాపకు పక్కలు కనిపిస్తున్నాయో లేదో చూడ్డానికని అర్థమయ్యాక స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది.

గంట కొట్టారు. పిల్లలు మెట్ల మీంచి గుంపుగా జారి వచ్చారు. పాప స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, ఏదో చెబుతూ, నవ్వుతూ గేటు దాటింది. దాటి, కారు ఉన్న వైపు నడవసాగింది. అక్క ఆమెను పిలవలేదు. నోరు తెరవకుండా, పాప నడిచే దారికి ఓరగా, చెయ్యి ఒకటి భుజం ఎత్తున లేపి మెల్లగా ఊపింది. స్నేహితురాలు చూసింది. నవ్వి, తిరిగి చెయ్యి ఊపింది.

పాప ఇంకా చెబుతూనే ఉంది, ఎదురుగా చూస్తూ.